అంటుకోని క్రిమి

అన్సెల్మో నారింజ తోటలో ఆకుల మీద పసుపు మచ్చలు జూలైలోనే కనిపించాయి. ఆ తెగులుకు బ్రెజిల్‌లో ఆ సావో పాలో ప్రాంతపు రైతులకు తెలిసిన వైద్యం ఒక్కటే: మచ్చపడ్డ ఆఖరి ఆకు ఎక్కడుందో చూసి, దానికి రెండు మూరల కింద కొమ్మ కోసి పారేయడం. ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలీదు, పనిచేసేది. ముసలి అన్సెల్మో రంపం భుజానేసుకుని బయల్దేరుతుంటే జాండీరా అడ్డం పడింది. తండ్రి పోయాక ఆమెను పెంచి, నారింజలు అమ్మి చదివించిన బాబాయి ఆయన. ఆమె ఇప్పుడు పట్నంలో పరిశోధనశాలలో ఈ తెగులు క్రిమి మీదే పనిచేస్తోంది.

"కొయ్యకు బాబాయ్. కోస్తే రెండేళ్ళు కాపుండదు. జనవరి దాకా ఆగు."

"ఆగితే ఏమొస్తుందే?"

"ఈ క్రిములకి పైపొర మీద ఒక ప్రొటీన్ ఉంది. చేతుల్లాంటిదనుకో. దాంతో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుకట్టి, చెట్టు నీళ్ళు తాగే గొట్టాల్లో అడ్డం పడతాయి. ఆ చేతులు లేని క్రిమిని తయారుచేశాను. జనవరిలో దాన్ని తెచ్చి చెట్లకి ఎక్కిస్తే చెడ్డదానికి చోటుండదు."

"చేతులున్నవాటిని నా దగ్గరికి పంపు. కాయలు కోసే మనుషులు దొరక్క ఛస్తున్నా," అని నవ్వి రంపం దించేశాడు.

చదువుకున్నవాళ్ళు అంత నమ్మకంగా మాట్లాడితే ఎవరు మాత్రం ఎదురుచెబుతారు? అప్పటికి ఆమె పరీక్షలన్నీ గాజు సీసాల్లోనే. మొక్కల మీద ఇంకా మొదలే పెట్టలేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

జనవరిలో, పరీక్షకని మొక్కలు పెంచిన గాజుగదిలోకి వెళ్ళేసరికి ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. మామూలు క్రిమి ఎక్కించిన మొక్కల్లో ఒకటి రెండు కొమ్మలే వాడాయి. చేతులు లేని క్రిమి ఎక్కించినవి చిగురు నుంచి వేరు దాకా ఎండిపోయాయి. పట్టుకుని ఆపేది ఏదీ లేక అది మొక్కంతా తిరిగి, పోయినచోటల్లా పెరిగింది. గుంపుకట్టడమే ఇన్నాళ్ళూ తెగులును కొమ్మలో నిలిపి ఉంచింది. గుంపు మెల్లగా దిగుతుంది కనకే, మొదలు చేరేలోగా రంపానికి వ్యవధి దొరికేది. బాబాయిని ఆరు నెలలు ఆపి ఆ వ్యవధిని ఆమె చేజేతులా పోగొట్టింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి తోటకు వచ్చి చూసింది. చెట్ల మొదళ్ళలో మొలిచిన పిలకలకు కూడా మచ్చలే.

"పొరపాటు నాదే బాబాయ్. అప్పుడే నువ్వు కోసుంటే బతికేవి. ఇప్పుడు మొదలంటా నరికి కాల్చెయ్యాలి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను ఊరంతా చెప్పానే," అన్నాడు. "మా అమ్మాయి ఆగమంది, ఎవరూ కొయ్యకండని. పదకొండు తోటలవాళ్ళు ఆగారు."

ఆయన టోపీ పెట్టుకుని దారి వైపు తిరిగాడు.

"పద. నాకే సరిగ్గా అర్థం కాలేదని చెప్తా. నీ పేరు తియ్యను."

"వద్దు. నేనే చెప్తా."

మొదటి ఇల్లు జుల్మీరాది. మొగుడు పోయాక ఒక్కతే తోట చూసుకుంటోంది. వీళ్ళను చూడగానే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"డాక్టరమ్మే వచ్చిందే! మందు తెచ్చావా తల్లీ?"

"మందు లేదు పిన్నీ. నేను చెప్పింది తప్పు. చెట్లన్నీ కొట్టేయాలి."

జుల్మీరా ముఖం మీద నవ్వు అలాగే ఉంది. "సరేలే, ముందు లోపలికి రండి, కాఫీ కాగుతోంది," అంది.

జాండీరా గుమ్మంలోనే నిలబడి మళ్ళీ చెప్పింది.