తుప్పు కడిగిన బోల్టు

విరిగిన ఇనుప ముక్కను చూసి అదెందుకు విరిగిందో చెప్పడం కూతురి పని. పెద్ద చదువు చదివిన సైంటిస్టు కాబట్టి కంపెనీలు పిలిచి సలహా అడుగుతాయి. తల్లికి మాత్రం మొదటినుంచీ గుండెల్లో గుబులే. తుప్పు గీసుకుని పిల్లకు ధనుర్వాతం వస్తే?

ఆ ఉదయం కూతురు స్నానానికి వెళ్లగానే, బల్లమీద కవరులో ఉన్న, ప్రమాదంలో కూలిన క్రేను బోల్టు ముక్కను తల్లి నిమ్మరసం వేసి పీచుతో తళతళా తోమేసింది.

కూతురు వచ్చి చూసి ముక్కను చేతిలోకి తీసుకుంది.

"ఇదేమన్నా వంటింటి గిన్నె అనుకున్నావా అమ్మా?"

"నీ చెయ్యి గీసుకుంటుందేమోనని, తల్లీ."

"విరిగినచోట సగందాకా పట్టిన ఆ తుప్పే సాక్ష్యం. బోల్టు ప్రమాదానికి ముందెప్పుడో పగిలిందని, క్రేను డ్రైవరు తప్పు లేదని చెప్పేది అదొక్కటే. ఇంకా ఫోటోలు కూడా తియ్యలేదు."

"ఆ డ్రైవరు ఎలా ఉన్నాడే?"

"ఆసుపత్రిలో ఉన్నాడు. తప్పంతా అతనిదేనంటున్నారు. నేను చూసుకుంటానని వాళ్లావిడకి మాటిచ్చాను."

"నేనే కడిగానని వచ్చి చెప్పనా?"

"చెప్తే తుప్పు తిరిగొస్తుందా?"

తల్లి తన చేతులు చూసుకుంది. గోళ్లసందుల్లో ఎర్రగా కాస్త తుప్పు మిగిలి ఉంది. కడుక్కోవడానికి ఆమెకు మనసు రాలేదు.