పదికి నాలుగు

మా జాయ్ వీడియో గేములు ఆడి, అవి ఎలా ఉన్నాయో రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. అదే దాని ఉద్యోగం. హైదరాబాదులో ఒక వెబ్‌సైటు వాళ్ళకి రాస్తుంది. ఆడటం, రాయటం చింతపల్లిలో మా ఇంట్లోనే. రాసింది పంపాలంటే మాత్రం చర్చి మెట్ట ఎక్కి, సిగ్నల్ దొరికే చోట నిలబడాలి. ఇదేం ఉద్యోగమని ఎవరైనా అడిగితే చెప్పటం చేతకాక, "పేపర్లు దిద్దుతుంది" అనేదాన్ని.

మొదట్లో నా భయాలు వేరు. దాని కళ్ళు పోతాయని, మెడ పట్టేస్తుందని, మార్కులు తక్కువ వేస్తే తెలియనివాళ్ళు తిడతారని. తిట్టారు కూడా. కానీ తిట్టేవాళ్ళు ఎక్కడో ఉంటారు, ఘాటీ ఎక్కి రారు కదా అని సర్దుకున్నాను. అంతలో మా పాస్టరు సమూయేలు అయ్యగారి అబ్బాయి నతానియేల్ ఒక గేము చేశాడు.

విశాఖపట్నంలో అద్దె గదిలో ఇద్దరు స్నేహితులతో ఏళ్ళ తరబడి కూర్చుని చేశాడు. పేరు 'మంచు దారి'. చలికాలం పొద్దున్నే మన ఘాటీ మీద సర్వీసు జీపు నడపాలి, అంతే ఆట. మా ఇంటాయన రోజూ నడిపేది అలాంటి జీపే. ఆయన ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగదు. అలాంటిదాన్ని డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఎందుకు ఆడతారో నాకు అర్థం కాలేదు. అయినా నతాన్ చేశాడు కనుక మంచిదే అయి ఉంటుందనుకున్నాను. వాడు, జాయ్ సండే స్కూల్లో ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళు. నన్ను పిన్నీ అంటాడు.

స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు నేను లేచి, మా జాయ్ నతాన్ గేము గురించి రాయబోతోంది, అంతా మంచే జరగాలని ప్రార్థించండి అన్నాను. ఆ మాట అయ్యగారి దాకా వెళ్ళి ఆదివారం ప్రకటన అయింది. "మన బిడ్డ చేసిన పనికి మన బిడ్డే సాక్ష్యం చెప్పబోతోంది" అన్నారు ఆయన. అందరూ ఆమేన్ అన్నారు. జాయ్ మాత్రం తల వంచుకుని బైబిలు సంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. ఆ అన్నయ్య మా చర్చివాడే, వేరేవాళ్ళ చేత రాయించండని అది ముందే వెబ్‌సైటు వాళ్ళని అడిగిందట. ఆ కొండలు తెలిసినదానివి నువ్వే, మీ చర్చివాడన్న సంగతి మొదట్లోనే చెప్పి నువ్వే రాయి అన్నారట వాళ్ళు.

రాయటం అయిపోయిన రోజు సాయంత్రం అడిగాను.

"ఎంతేసినావే?"

"నాలుగు."

"ఐదుకా?"

"పదికమ్మా."

నా చేతిలో చాట చేతిలోనే ఉండిపోయింది. "నాలుగంటే బొటాబొటీ పాసు గదేటే."

"మా లెక్కలో ఫెయిలే."

పక్కన కూర్చోబెట్టి చూపించింది. తెర మీద మంచు లేచింది. నిజం మంచే, కాఫీ చెట్ల మీద నుంచి పాకుతూ రోడ్డు మీదికి వచ్చే మంచు. మలుపు వచ్చింది. జాయ్ చెయ్యి తిప్పింది. జీపు తిరగలేదు, సరాసరి లోయలోకి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ప్రతి మలుపూ ఇంతే. నేను తిప్పినాక, అది ఆలోచించుకుని తిరుగుతాది. పొద్దంతా ఆడిన ఆట మర్నాటికి ఉండదు, మళ్ళీ మొదటినుంచి ఆడాలి. జీపెక్కినోళ్ళందరికీ ఒకటే మొహం. మంచుకైతే పదికి పది వేసేదాన్నమ్మా. మంచొక్కటే అమ్మట్లేదు గదా."

"కోత పండగలో పాడినట్టు కొంచెం ఎక్కువకి పాడీలేవేటే?"

మా చర్చిలో కోత పండుగకి ఎవరి తొలిపంట వాళ్ళు తెస్తారు. మిరియాలు, చిక్కుళ్ళు, కోడిపెట్ట, ఏది పండితే అది. ఆరాధన అయ్యాక వేలం పెడతారు. పుచ్చు వంకాయనైనా ఎవరూ తక్కువకి పాడరు. తెచ్చినవాళ్ళు తమదాన్ని తాము పాడుకోకూడదు, ఇంకొకరు పాడి నిలబెట్టాలి. ఇంతవరకు ఎవరి వస్తువూ అక్కడ చిన్నబోలేదు.

"ఆ పాట దేవుడి పనికమ్మా" అంది జాయ్. "ఇక్కడ ఎవడో గుంటడు దాసుకున్న డబ్బు పెట్టి కొంటాడు. ఆడికి నేనేటి సెప్పాలి?"

"నతాన్ ఏదైనా సేసుకుంటేనో?"

కీబోర్డు మీద దాని చెయ్యి ఆగింది. "నాకూ అదే భయం" అంది. అని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్ట ఎక్కింది. శాలువా పట్టుకుని వెనకే వెళ్ళాను. దాని భుజం పక్కనే నిలబడ్డాను. ఆ మీట ఏదో నొక్కింది. అంతే, రాసింది వెళ్ళిపోయింది. వెనక్కి రప్పించటం నాకు రాదు, దానికి ఇష్టం లేదు.

మిగతా ఊళ్ళలో ఇలా మార్కులేసేవాళ్ళు ఆరు వేశారు, ఏడు వేశారు. కానీ ఆ ఘాటీలో పుట్టి పెరిగిన పిల్లే నాలుగు వేసింది, ఇంక ఆడేదేముంది అని అందరూ జాయ్ మాటే పట్టుకున్నారట. కొళాయి దగ్గర మా పక్కింటి కనక చెప్పింది.

"ఏటొదినా, మీ గుంట కలం అంత పదునేటి. గుంటడు ఫోనెత్తట్లేదట. ఆళ్ళమ్మ కుండ దించి, తినకుండా అలాగే వదిలేత్తందట."

"దానికేటి తెలుసు వదినా, సిన్నపిల్ల."

"సిన్నపిల్ల మార్కులెందుకేత్తాది మరి" అంది కనక బిందె ఎత్తుకుంటూ.

విశాఖలో సముద్రం ఉంది. రైలు పట్టాలున్నాయి. ఆ అద్దె గదిలో ఫ్యాను ఉండే ఉంటుంది. కింద నుంచి జీపు వచ్చి హారన్ కొడితే ఆ కబురేనేమో అని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. మెట్ట మీదికి పోయి నతాన్ నంబరు కొట్టేదాన్ని. స్విచ్ఛాఫ్. జాయ్ పెట్టిన మెసేజీలు కూడా చేరలేదు. అది కొత్త గేము ఆడటం మానేసింది. నేను తిట్టలేదు, ఊరుకోబెట్టనూ లేదు. ఏది చేస్తే ఏమవుతుందో తెలియక బియ్యం ఏరుతూ కూర్చునేదాన్ని.

కోత పండుగ వచ్చింది. మా పాదున ఒకే ఒక్క పెద్ద గుమ్మడికాయ కాసింది. అడవి పందులు తినేస్తాయేమోనని ముదరకముందే కోసి అటక మీద దాచాను. దాన్నే పట్టుకెళ్ళాను.

వెనక వరసలో నతాన్ కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. బతికున్నాడు. ఆ రోజు వాక్యం ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు.

వేలం పాడించేది సంఘ పెద్ద పోలయ్య. కనక కోడిపెట్ట పాట మీద పాట పెరిగి ఎక్కడికో పోయింది. తర్వాత పోలయ్య మా కాయని రెండు చేతులా ఎత్తాడు.

"దెబోరమ్మ గుమ్మడికాయ. ఎంత?"

ఎవరూ పలకలేదు.

"పాడండమ్మా, పాడండి. పిల్లోడి లాగుంది కాయ."

నాతో కలిసి మోకరించి ప్రార్థించిన ఆడవాళ్ళందరూ చాప అంచులు చూసుకుంటున్నారు. మా ఇంటాయన పాడకూడదు, జాయ్ పాడకూడదు. పోలయ్య కాయని భుజం మీదికి మార్చుకున్నాడు, బరువైన కాయ మరి.

"నాలుగు" అని వెనక నుంచి వినిపించింది.

"నాలుగొందలా బాబూ?"

"నాలుగు రూపాయలు" అన్నాడు నతాన్.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చాలామంది నవ్వారు. పోలయ్య అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు బైబిలు వైపు చూశారు.

"నాలుగు ఒకటోసారి" అన్నాడు పోలయ్య మెల్లగా. "నాలుగు రెండోసారి." వరస వరసా కలియజూశాడు. ఎవరైనా ఐదంటే చాలు. ఒక్కరు. "మూడోసారి."

నతాన్ వచ్చి కాయని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకున్నాడు. జాయ్ దగ్గర ఆగాడు.

"స్టీరింగు బాగుసేత్తన్నాం."

"సేసినాక మళ్ళీ ఆడతానన్నయ్యా."

"మార్కు మారుద్దా?"

"మారదు. జనం కొన్నది మొదటిదే గదా. బాగుపడిందని కింద ఒక మాట కలుపుతాను."

వాడు తల ఊపాడు. కోపమో, కాదో. వాడి మొహం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆ రోజు మాత్రం నాకేమీ తెలియలేదు. నా వైపు తిరిగాడు.

"పిన్నీ, వండించుకుని తిని, దీనికెంతొచ్చిందో ఫోన్ సేత్తాను."

"పదికేనా బాబూ?"

"పదికే."

ఆఖరి జీపు మా ఇంటాయనదే. విశాఖ తిరిగి వెళ్ళటానికి నతాన్ కాయని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మొదటి మలుపు దగ్గరే మంచు జీపుని మింగేసింది.

ఇప్పుడు నేను, జాయ్ మెట్ట మీద ఉన్నాం. నర్సీపట్నం దిగేదాకా దారిలో సిగ్నల్ ఉండదని నాకూ తెలుసు. అయినా ఫోను చేతిలోనే పట్టుకున్నాను.

"తప్పకుండా సేత్తాడమ్మా" అంటోంది జాయ్.

చెయ్యాలి. ఎంతైనా వెయ్యనీ, చెయ్యాలి. కానీ ఆ కాయ నేను ముదరకుండా కోసింది. లోపల ఎలా ఉందో నాకు తెలియదు.