మూడు నిమిషాల గడువు

విశ్వనాథం గారు ముప్ఫై ఏళ్లు హైవేలు వేసి రిటైరైన ఇంజినీరు. ఫోను తీగ మీదే వచ్చే డీఎస్ఎల్ ఇంటర్నెట్ పెట్టించుకున్నది చదరంగం కోసం. ఆ తీగ నాలుగు నెలలుగా ఆయనతో దాగుడుమూతలాడుతోంది. మోడెమ్ మీద పచ్చదీపం వెలిగినట్టే వెలిగి, ఆట రసపట్టులో ఉండగా ఆరిపోతుంది. కంపెనీవాళ్లు మూడుసార్లు మనిషిని పంపారు. లైను బాగానే ఉందన్నారు. ఈయన తిట్టిన తిట్లు, అమెరికాలో వాళ్లుండే అరోరా ఊళ్లో తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చేశాయి.

ఈ శనివారం మాత్రం ఆ దీపం ఆరితే కొంప మునిగినట్టే. అరవై దాటినవాళ్ల ఇంటర్నెట్ టోర్నమెంటులో ఫైనల్. లైను తెగితే మూడు నిమిషాల్లో తిరిగి రావాలి, రాకపోతే ఓడినట్టు. కాలేజీలో ఫైనల్ దాకా వెళ్లి, జ్వరంతో ఆడలేకపోయిన మనిషి. నలభై ఏడేళ్ల తర్వాత ఇదిగో మళ్లీ ఫైనల్.

ముప్ఫయ్యో ఎత్తుకి, ఎదురాడుతున్న నార్వే పెద్దమనిషి గారి రాజు మూలకి చేరాడు. ఏనుగుని ఒక్కసారి జరిపితే ఆట కట్టు. విశ్వనాథం గారు మౌసు మీద చెయ్యి వేశారు. నొక్కేలోపు పచ్చదీపం కాస్తా ఆరింది.

మోడెమ్ ప్లగ్గు పీకారు, పెట్టారు. లాభం లేదు. నిమిషం గడిచింది. అంతలో గరాజ్ వైపు నుంచి గారెల వాసన, దాని వెంట జానకీదేవి గారి నవ్వు.

"అల్లం ఎక్కువే వేశాను ఛాయా, మా ఆయనకి ఘాటుండాలి."

ఆవిడ స్నేహితురాలితో ఫోన్లో ఉంది. ఏ ఫోన్లో? అప్పుడు వెలిగింది ఆయన బుర్ర.

ఇంట్లో మూకుడు పెడితే స్మోక్ అలారం గోల. అందుకని వేపుళ్లన్నీ గరాజ్‌లో స్టవ్ మీదే. కబుర్లకి లోటు రాకుండా అక్కడ గోడకి ఫోన్ బిగించింది స్వయంగా ఈయనే. గరాజ్‌లో వంట ఒప్పుకోని కాలనీ అసోసియేషన్‌కి స్టవ్ సంగతి పొక్కుతుందని, డీఎస్ఎల్ పెట్టే మనిషి వచ్చిన రోజున గరాజ్ తలుపు దించేసి, ఇంట్లో ఫోన్లు నాలుగే అని చెప్పారు. అతను ఫోనుకొకటి చొప్పున నాలుగు ఫిల్టర్లిచ్చి, ఫిల్టర్ లేని ఫోన్ ఎత్తితే నెట్ పోతుందని చెప్పి మరీ వెళ్లాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకీ అదే తలుపు, అదే లెక్క.

విశ్వనాథం గారు లుంగీ ఎగ్గట్టి పరుగెత్తారు.

"జానకీ, ఫోన్ పెట్టెయ్."

"ఛాయ లైన్లో ఉందండీ. ఒక్క నిమిషం."

నిమిషమా? ఆ నిమిషమే లేదు. గోడ దగ్గర తీగ పీకేసి వెనక్కి ఉరికారు. మోడెమ్ మీద దీపం మినుకు మినుకుమంది. ఏడుకొండలవాడికి మొక్కేలోపు నిలిచి వెలిగింది. తెర మీద బోర్డు వచ్చింది. గడువు ఇంకా తొమ్మిది సెకన్లే ఉంది. ఏనుగు జరిగింది. రాజు చిక్కాడు. నార్వే ఆయన అభినందనలు పంపాడు.

కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వుతుంటే జానకీదేవి గారు పిండి చేతులతో వచ్చింది.

"ఏమండీ, వాకిట్లో కంపెనీ వ్యాన్ ఆగింది. నిన్న మీరు అరిచి మరీ రమ్మన్నారుగా. గరాజ్ తలుపు దించెయ్యనా?"

ఆయన నవ్వు ఆగింది. నాలుగు నెలల తిట్లూ ఒక్కసారి చెవుల్లో మోగాయి.

"వద్దు, తెరిచే ఉంచు. అతనికి వేడిగా నాలుగు గారెలు పెట్టు. తింటుండగా నేను సారీ చెబుతాను."