తోసిపుచ్చలేమన్నారు

బక్రీదుకు ముందురోజు హుమేరా ఒక పూట సెలవు పెట్టి ఇంటికి బయలుదేరుతుండగా ఉష దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. కింద రెండే మాటలు: "చదివి చెప్పవే."

హుమేరా పనిచేసేది నరసరావుపేటలో, పల్నాడు రోడ్డులోని ఒక స్కానింగ్ సెంటర్లో. మాచర్ల నుంచి, గురజాల నుంచి, దుర్గి నుంచి వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, టోకెన్లు ఇవ్వడం, రాజారత్నం డాక్టరుగారు చెబుతుంటే రిపోర్టులు టైపు చెయ్యడం ఆమె పని. ఏళ్ల తరబడి టైపు చేసింది కాబట్టి ఏ మాట పక్కన ఏ మాట వస్తే భయపడాలో ఆమెకు తెలుసు. ఎంత భయపడాలో మాత్రం తెలియదు.

స్కూటీ స్టాండ్ తియ్యకుండానే ఫోన్ పెద్దది చేసుకుని చదివింది. కుడి ఓవరీలో పెద్ద సిస్టు, నీటిగడ్డ. దాని లోపల అడ్డుగోడలు. ఒక పక్క గట్టిపడిన భాగం. ఆఖరి వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. మాలిగ్నెన్సీ కెనాట్ బి ఎక్స్‌క్లూడెడ్.

ఉషది పెదకూరపాడు. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివినన్నాళ్లూ ఆదివారమైతే హుమేరా ఇంట్లోనే భోజనం. ఇప్పుడు మస్కట్‌లో ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. భర్త నాగార్జునది చమురు కంపెనీలో ఉద్యోగం. వారాల తరబడి ఎడారి క్యాంపులో ఉండి, మధ్యలో కొన్నాళ్లు ఇంటికి వస్తుంటాడు. పిల్లలు లేరు.

హుమేరా ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఉష ఎత్తింది.

"చదివావా?"

"చదివా. మీ డాక్టరమ్మ ఏమన్నది?"

"ఏ డాక్టరమ్మ? ఇక్కడ ఇవాళే పండగ. వారం దాకా ఓపీ లేదంట. రిపోర్టు మాత్రం దానంతటది యాప్‌లోకి వచ్చి పడింది."

"అసలు స్కాన్ ఎందుకు తీయించుకున్నావే?"

"కడుపు ఉబ్బరంగా ఉంటే గ్యాస్ అనుకున్నా. చీర కుచ్చిళ్లు బిగుతవుతుంటే లావయ్యాననుకున్నా. ఫోన్లో అడిగితే అది పది రకాలు చెప్పింది. తొమ్మిది చదివా. పదోది చదవలేక మూసేశా. మాలిగ్నెన్సీ అంటే కాన్సరేగా?"

"ఉందని రాయలేదుగా ఉషా. తోసిపుచ్చలేమన్నారు."

"రెండిటికీ తేడా ఏందే?"

హుమేరా మాట మార్చింది. "నాగార్జున అన్నయ్యకు చెప్పావా?"

"చెప్పలా. చెబితే ఆ మనిషి అక్కడ నిలబడగలడా? డాక్టర్ని కలిశాక చెబుతా. నువ్వు ఎవరికీ చెప్పమాక. మీ ఆయనక్కూడా. ఒట్టెయ్యి."

హుమేరా ఒట్టేసింది.

మర్నాడు పండగ పండగలా జరగలేదు. ఈద్గా నుంచి ముర్తుజా వచ్చేసరికే వంటింట్లో సగం పని అయిపోయి ఉండాలి. అలాంటిది ఉల్లిపాయలు కూడా తరగలేదు. మాంసం వాటాలు పంచడానికి వెళ్లిన హుమేరా ఒకే ఇంటికి రెండుసార్లు ఇచ్చి, పక్కింటిని మర్చిపోయి వచ్చింది. ఫోన్ మోగినప్పుడల్లా చేతులు కడుక్కోకుండానే చీరకొంగుతో పట్టుకుని చూసేది. ఉష నుంచి మెసేజీల మీద మెసేజీలు.

'ఆకలి లేకపోవడం కూడా ఒక లక్షణమంట.'

'నేను ఉప్మా తిన్నానే. ఆకలి ఉన్నట్టేగా?'

'మా మేనత్త దేంతో పోయింది? కడుపులో గడ్డే కదా?'

హుమేరా ఒకదానికి జవాబు రాసేలోపు ఇంకోటి వచ్చేది. తనూ పొయ్యి దగ్గర నిలబడి ఆ మాటలే వెతికింది. ఒక చోట చానా మందికి మామూలు గడ్డే అని ఉంటే ప్రాణం లేచొచ్చేది. వేలితో ఇంకొంచెం కిందికి జరిపితే గుండె జారిపోయేది.

"ఏమైంది నీకు? పొద్దున్నుంచి ఇంట్లో లేనట్టే ఉన్నావు" అన్నాడు ముర్తుజా. మెకానిక్కు కదా, ఏ బండి ఎక్కడ తేడా కొడుతుందో చెవితో పట్టే మనిషి.

"తలనొప్పి" అంది హుమేరా. అతను నమ్మలేదు, మళ్లీ అడగనూ లేదు.

మధ్యాహ్నం నుంచి ఉష మెసేజీలు ఆగిపోయాయి. అవి వస్తున్నప్పటి కంటే ఆగాకే హుమేరాకు కాలు నిలవలేదు. డాబా మీదికి వెళ్లింది, దిగింది, మళ్లీ ఎక్కింది. అప్పుడు మోగింది ఫోన్. ఉష కాదు, నాగార్జున.

"హుమేరమ్మా, ఈద్ ముబారక్. ఉష నీతో మాట్లాడిందా? రెండ్రోజుల్నుంచి తేడాగా ఉంది. ఇందాకట్నుంచి ఫోనే ఎత్తట్లేదు. ఏదన్నా ఉంటే నీకు చెబుతుందని..."

డాబా మీద ఎండ కాళ్లు కాలుస్తోంది. హుమేరా చెప్పులు వేసుకోలేదని అప్పుడే గమనించింది. ఏం లేదన్నయ్యా అనడానికి నోరు తెరిచింది. ఆ నాలుగు గోడల మధ్య ఉష ఒక్కతే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉండటం కళ్ల ముందు కదిలింది.

"అన్నయ్యా, నువ్వు ఇంటికి బయలుదేరు."

"ఏమైందమ్మా?"

చెప్పింది. సగం చెప్పి ఆపడం చేతగాక, తనకు తెలిసినంతా చెప్పింది. అవతల అతను జనరేటర్ మోతకు దూరంగా నడిచాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"పని వదిలేసి వస్తావని."

"వస్తాను మరి. రాకుండా ఎట్లా ఉంటా?" అని పెట్టేశాడు.

సాయంత్రం ఉష నుంచి ఒకే మెసేజ్ వచ్చింది. 'నిన్ను నమ్మాను చూడు, నాది బుద్ధి తక్కువ.' తర్వాత హుమేరా ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చేసింది తప్పా ఒప్పా అని ఆమె లోపల ఒకటే పోట్లాట. ఒప్పే అనుకునేది. ఉతికిన బట్టలు మడతపెట్టినట్టు ఆ మాటను సర్దిపెట్టుకునేలోపే, ఒట్టేసిన సంగతి గుర్తొచ్చి మళ్లీ అంతా చెదిరిపోయేది.

మర్నాడు సెంటర్ తెరవగానే రిపోర్టు ప్రింటు తీసుకుని రాజారత్నంగారి గదిలోకి వెళ్లింది. వేరేవాళ్ల రిపోర్టు మీద మాట్లాడటం ఆయనకు నచ్చదని తెలుసు. కాగితం బల్ల మీద పెట్టి, "మా స్నేహితురాలు సార్, సొంత మనిషి లెక్క" అంది.

ఆయన చదివి కళ్లజోడు తీశాడు. "బొమ్మలేవి?"

"ఇదొక్కటే పంపింది సార్."

"ఇది చూసినాయన అభిప్రాయమమ్మా. నా అభిప్రాయం కావాలంటే నేను బొమ్మలు చూడాలి. ఆస్పత్రిలో అడిగితే సీడీ ఇస్తారు."

ఉష ఎత్తదు కాబట్టి నాగార్జునకు చేసింది. అతను అప్పటికే మస్కట్ చేరాడు. సెలవుల్లో రికార్డుల గది దగ్గర ఎవరూ లేకపోతే ఎమర్జెన్సీలో ఉన్నవాళ్లను బతిమాలి సీడీ సంపాదించాడు. అందులోవి లింకుగా పంపేసరికి మరో రోజు గడిచింది. ఇక్కడ సెంటర్లో నెట్ నత్తలా నడిచింది. బొమ్మలు పూర్తిగా దిగాయనుకునేసరికి, పిడుగురాళ్ల దగ్గర లారీ గుద్దిన మనిషిని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. డాక్టరుగారు లేచి వెళ్లిపోయారు. ఆ మనిషి తల స్కాను అయ్యేదాకా, దాని రిపోర్టు తను టైపు చేసేదాకా హుమేరా మనసు మనసులో లేదు. ఒక పేరును రెండుసార్లు తప్పుకొట్టి దిద్దింది.

చివరికి ఆయన స్క్రీన్ ముందు కూర్చున్నాడు. బొమ్మలు ఒకటొకటిగా జరుపుతూ ఒక చోట ఆగి వేలు పెట్టాడు.

"ఇదిగో, తెల్లగా వెలుగుతుందే, అదీ గట్టి భాగం. దానికి రక్తం అందుతుంది. అందుకని అట్లా రాశారు. నేనైనా అదే రాసేవాణ్ణి."

హుమేరా కుర్చీ వెనక పట్టుకుంది.

"పూర్తిగా విను. చుట్టుపక్కల గ్రంథులు పెరగలేదు. పొట్టలో నీరు చేరలేదు. పక్క అవయవాలకు పాకినట్టు కనపట్టం లేదు. ఇవి మంచి గుర్తులే. కానీ స్కాన్ చూసి కాన్సర్ అనీ చెప్పకూడదు, కాదనీ చెప్పకూడదు. తీసి పరీక్ష చేస్తేనే తేలుద్ది. ఇట్లాంటివి చేసే కాన్సర్ సర్జన్ దగ్గరే చేయించుకోమను. సూది గుచ్చి నీళ్లు తీస్తామంటే ఒప్పుకోవద్దను. పగలకుండా, ఉన్నదున్నట్టు బయటికి రావాలి."

"సెలవులయ్యేదాకా ఆగొచ్చా సార్?"

"ఆ నాలుగు రోజులకేం కాదు. హఠాత్తుగా నొప్పి తన్నుకొచ్చి వాంతులైతే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలి. అది మెలిపడే ప్రమాదం ఉంది."

హుమేరా మెట్ల కిందికి వెళ్లి నాగార్జునకు వీడియో కాల్ చేసింది. అతను ఫోన్ ఉష ముందు పెట్టాడు. ఉష మొహం పక్కకు తిప్పుకుంది. కళ్ల కింద వాపు.

"నీతో నేను మాట్లాడను."

"మాట్లాడమాక. విను."

రిపోర్టు చేతిలో పట్టుకుని పై నుంచి ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడుంది, లోపల ఏముంది, ఏది పాకలేదు, ఏం చేయించుకోవాలి, ఏది చేయించుకోకూడదు. డాక్టరుగారు మొదట అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అదొక్కటీ మింగేస్తే పోతుందనిపించింది. ఉష అప్పటికే ఇటు తిరిగి ఆమె మొహంలోకే చూస్తోంది.

"మా సారైనా అదే రాసేవాడంట ఉషా. వాళ్లు తప్పు రాయలేదు."

ఉష ఫోన్‌కు దగ్గరగా జరిగి, "అది కూడా చెప్పావు కాబట్టి మిగతాది నమ్ముతున్నా" అంది. "ఇన్నాళ్లూ అంతా ఒకటే ముద్దగా ఉండిందే. ఇప్పుడు ఏది ఎక్కడుందో తెలుస్తుంది." ముక్కు తుడుచుకుని, "ఒట్టు సంగతి మాత్రం మర్చిపోను" అంది.

"మర్చిపోమాక. తిట్టు. ఫోన్ మాత్రం ఎత్తు."

వెనక నుంచి నాగార్జున నవ్వబోయి ఆపుకున్నాడు.

సెలవులయ్యాక పనులు చకచకా జరిగాయి. మస్కట్‌లోనే ఒక పెద్దాస్పత్రిలో కాన్సర్ సర్జన్ దొరికింది. ఆపరేషన్ రోజు హుమేరా సెలవు పెడదామనుకుని, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని డ్యూటీకే వచ్చింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని టోకెన్లు ఇచ్చింది. గురజాల నుంచి వచ్చిన ముసలాయన టీ తాగమ్మా అని తన కప్పు జరిపితే, వద్దనడం కూడా మర్చిపోయి తాగేసింది. అనుకున్న టైము దాటిపోయింది. ఆలస్యమైతే మంచిదో చెడ్డదో తెలియదు. డాక్టరుగారిని అడగడానికి రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

ఫోన్ మోగింది.

"తీసేశారమ్మా. పగల్లేదంట. ఉష బాగానే ఉంది" అన్నాడు నాగార్జున. "ఆపరేషన్ జరుగుతుండగానే పరీక్షకు పంపారు. బోర్డర్‌లైన్ అన్నారు. అంటే ఏంది?"

హుమేరా ఫోన్ అలాగే పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. రాజారత్నంగారు విని ఫోన్ తనే తీసుకున్నాడు.

"కాన్సర్ కాదయ్యా. అట్లాగని మామూలు గడ్డా కాదు, మధ్యరకం. తీసేస్తే చానా మందికి మళ్లీ రాదు. కొద్దిమందికి వస్తుంది. పూర్తి రిపోర్టు రానీ. అది వచ్చినా, స్కాన్లు చేయించుకుంటూ ఉండాల్సిందే."

పూర్తి రిపోర్టులోనూ అదే మాట వచ్చింది. ఉష ఇంటికొచ్చాక కుట్లు పట్టుకుని, మెల్లగా ఫోన్ చేసింది.

"ఇంతకీ నాకు తగ్గిందా, తగ్గలేదా?"

"తగ్గింది."

"మరి మళ్లీ స్కాన్ ఎందుకంట?"

"చూసుకుంటూ ఉండటానికి."

"అంటే ప్రతిసారీ ఇట్లాగే చావాలా?"

"ప్రతిసారీ ఇంత ఉండదులే" అంది హుమేరా. తను అన్న మాట తనకే గట్టిగా లేదు. ఉషకూ తెలిసిపోయింది.

"ఆ రోజు నువ్వు లైన్లో ఉండు. రిపోర్టు నేను తెరవను, ఇద్దరం కలిసి తెరుద్దాం" అంది ఉష.

"సరే. ఈసారి అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకో."

ఉష ఏదో అనబోయి నవ్వింది. నవ్వు కుట్ల దగ్గర పట్టేస్తే, "అబ్బా" అని ఆగి, మళ్లీ నవ్వింది.