సూదేగా!

గుండీ ఊడిన చొక్కా వచ్చి ఆమె ఒళ్లో పడింది. "కుట్టేసెయ్, పదింటికి మీటింగుంది," అన్నాడు భర్త. ఆమెకీ పదింటికే ఆస్పత్రిలో రెండో ఇంజెక్షను. వారం నుంచి చెబుతూనే ఉంది, అతని చెవిన పడితేగా!

మెడకి ఎడమ పక్కన, దవడ కింద, పుట్టుకతో వచ్చిన మెత్తటి వాపుకి ఆ ఇంజెక్షను. లోపలంతా నీటి తిత్తులు. ముప్ఫై నాలుగేళ్లుగా దాన్ని జుట్టు కింద దాచుకుంటూ వచ్చింది. ఆమధ్య జలుబు చేసినప్పుడు అది పొంగి గొంతు నొక్కేస్తే, మంచినీళ్లు కూడా దిగక హడలిపోయి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "కోత అక్కర్లేదు. స్కాన్‌లో చూస్తూ సూదితో నీరు లాగేసి, మందు ఎక్కిస్తాను. ముందు వాపు పెరుగుతుంది, భయపడకమ్మా, తర్వాత తగ్గుతుంది. రెండు మూడు సార్లు రావాలి. మధ్యలో మానేస్తే మళ్లీ నిండొచ్చు," అందావిడ.

కోత లేకపోవడమే ఆమె కొంప ముంచింది. కుట్లుంటే రెండ్రోజులు పడుకోనిచ్చేవారేమో! మొదటి ఇంజెక్షను నాడు జ్వరంతో వణుకుతూ ఇంటికొస్తే, "సూదేగా! ఆపరేషనైనట్టు ఆ మూలుగేంటి?" అంది అత్తగారు, అంట్ల వైపు చూస్తూ. "కుట్టు షాపులో పొద్దస్తమానం సూదితోనే కదా నీ కాపురం, సూదికి భయమా?" అని భర్త నవ్వాడు. వాపు పెరగ్గానే ఆ నవ్వూ పోయింది. "చేజేతులా పెద్దది చేసుకున్నావ్, ఇక చాలు." నిజమేనేమోనని ఆమెకీ గుబులు పట్టుకుంది. మూడో వారం అద్దంలో చూసుకుంటే ఎడమ దవడ అంచు సన్నగా కనిపించింది. తనకి అక్కడ ఎముకుందని ఆమెకి అప్పుడే తెలిసింది. నవ్వుకుంది, ఏడ్చింది కూడా. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

పదింటికి ఇంజెక్షనుందని ఆమె మళ్లీ గుర్తుచేసింది.

"ఇవాళ వద్దులే, మధ్యాహ్నం మావాళ్లు భోజనానికొస్తున్నారు. వచ్చే నెల వెళ్దువుగాని," అన్నాడు భర్త తల దువ్వుకుంటూ.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "ఇన్నాళ్లూ దాంతోనే బతకలేదూ? వంటెవరు చేస్తారు?"

తొమ్మిదిన్నరయింది. ఇంకో ఐదు నిమిషాల్లో బస్సు. ఆమె చేతులు అలవాటు కొద్దీ దారం తెంపి సూదికి ఎక్కించాయి, కొసన ముడి వేశాయి. అక్కడ ఆగిపోయాయి.

చొక్కా మీద సూది గుచ్చి, గుండీతో సహా అతని చేతిలో పెట్టింది. జుట్టంతా పైకెత్తి ముడి వేసుకుంది, ఎడమ పక్క పూర్తిగా కనబడేలా. స్కాన్ కాగితాల సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఇదేంటి? నేను కుట్టుకోవాలా?" అన్నాడతను, నోరు తెరిచి.

చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆమె వెనక్కి తిరిగింది.

"సూదేగా!" అంది.