ఏడు గంటలు వెనక్కి నడిచే ఇల్లు

జావాలో, సోలో ఊళ్ళో బాతిక్ బట్టల సందు చివర, వుర్యాని ఇంట్లో పొద్దున్నే కంప్యూటర్ కోసం పెంకులెగిరిపోయేంత గొడవ. తల్లి వుర్యానికి రొయ్యల వడియాల ఆర్డర్లకు పాత సిస్టమ్ కావాలి. కూతురు గలూకి బాతిక్ పువ్వులు గీయడానికి కొత్తది కావాలి. విసిగిపోయి గలూ డిస్కును రెండు వాటాలు వేసి రెండింటిచేతా కాపురం పెట్టించింది. స్విచ్ వేస్తే ఏది కావాలని అడుగుతుంది. చెప్పకపోతే పది అంకెలు లెక్కపెట్టి కొత్తదాన్నే లేపుతుంది.

వాటాలు కుదిరాయి గానీ గడియారం దగ్గర పేచీ వచ్చింది. కొత్తది గడియారంలో గ్రీన్విచ్ వేళ రాసిపెడుతుంది, అది సోలోకన్నా ఏడు గంటలు వెనక. పాతది దాన్నే సోలో వేళ అనుకుంటుంది. అందుకని పాతది తెరిచినప్పుడల్లా ఏడు గంటలు వెనక్కి. దాంతోపాటు ఇల్లూ వెనక్కి. ఆ వేళకు ఇంట్లో ఉన్నవాళ్ళు తర్వాత ఎంత దూరం పోయినా, వచ్చి కూర్చున్నచోటే తేలతారు. గుడ్లమ్మే ఆయన ఓసారి మూడు ఊళ్ళవతల బేరమాడుతూ ఆడుతూ ఇక్కడి అరుగు మీద తేలాడు. వుర్యాని ఇంకో కాఫీ ఇచ్చింది.

"దాన్ని సరిచేశావో, చేతులు విరగ్గొడతా. నా వడియాలు రోజుకు రెండుసార్లు ఎండుతున్నాయి" అంది కూతురితో.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి, గలూ మనసుపడ్డ ప్రస్తోవో వచ్చాడు. మధ్యాహ్నం జకార్తా రైలెక్కాలి, అక్కణ్ణించి రెండేళ్ళు ఓడలో పని.

"నువ్వు సరేనంటే ఉండిపోతా గలూ. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

గలూ తెర మీంచి కళ్ళు తియ్యకుండా "ఇంగ్గిః" అంది.

అతను కాఫీ అడుగునున్న మడ్డితో సహా మింగి వెళ్ళిపోయాడు.

"ఏమన్నావే వాడితో?" అంది తల్లి, రైలు వేళ కావస్తుండగా.

"అవునన్నాగా!"

"అది మామగారికి చెప్పే అవునే, మొద్దూ! కాదనడం మొరటని మన జావా వాళ్ళంతా ఇంగ్గిః అనే కదూ తప్పుకునేది? వాడికి తోటివాళ్ళతో అనే ఇయో అనాలి, ఇయో!"

గలూ స్టేషన్‌కి పరుగెత్తింది. టికెట్ లేనిదే గేటు దాటనివ్వలేదు. రైలు కళ్ళముందే కదిలిపోయింది. ఇక మిగిలింది కంప్యూటరే. తొమ్మిదింటికి పోవాలంటే సాయంత్రం సరిగ్గా నాలుగింటికే పాతది తెరవాలి. ముందు తెరిస్తే అతనింకా రాడు, ఆలస్యమైతే వెళ్ళిపోయుంటాడు.

అప్పటిదాకా గలూ కూర్చుంటే ఒట్టు. పచార్లకు గచ్చు జానెడు అరిగింది.

"ఓచోట కూలబడవే, నీ గాలికి పొయ్యి ఆరిపోతోంది!"

నాలుగైంది. స్విచ్ వేసింది. తెర మీద అంకెలు పరుగెడుతుంటే గలూ జుట్టు సవరించుకోసాగింది.

"ఏడు, ఎనిమిది... నొక్కి చావవే!"

పాతదాన్ని నొక్కింది. పెరట్లో సూర్యుడు పడమట నుంచి తూర్పుకి ఒక్క గెంతు గెంతాడు. కుర్చీలో ప్రస్తోవో, ముందు పొగలు కక్కే కాఫీ, చంకలో రైల్లో అద్దెకిచ్చే దిండు.

"మళ్ళీ అడగమంటావా?" అన్నాడు దిండు సర్దుకుంటూ.

"అడుగు."

"చేసుకుంటావా?"

"ఇయో!" అంది గలూ. ఆ కేకకి ఏడు సందుల పావురాలు లేచిపోయి వారందాకా దిగలేదు.

గుమ్మం దాటితే వీధిలో సాయంత్రం నాలుగే. రైలు ఏ పొలాల్లోనో పోతోంది, అతని పెట్టె దాంట్లోనే ఉంది.

ఆ పెట్టె ఒక్కతే ఓడెక్కి రెండేళ్ళు పనిచేసి, కాస్త ఒళ్ళు చేసి తిరిగొచ్చింది. మంచికే వచ్చింది, అప్పటికి గలూ పసిదాని బట్టలు పెట్టుకోడానికి ఇంట్లో చోటు లేదు.