వెర్నా పాట, రెండో వైపు

చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవడానికి బేస్‌మెంట్‌ను మించిన చోటు లేదని ఆ ఇంటి పెద్దావిడ ఎప్పుడో తేల్చుకుంది. పైన వంటింట్లో కూర్చుంటే ఎవరో ఒకరు "అమ్మా, కాస్త టీ" అనో, "అత్తయ్యా, ఆ డోర్‌బెల్ చూస్తారా" అనో అంటూనే ఉంటారు. కింద మనవరాలు ఇషిత ఉంటుంది, దాని పాత రికార్డులుంటాయి. అది ఏ పనీ చెప్పదు. "నానమ్మా, ఇది విను" అంటుంది, అంతే.

ఆవిడని షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో అందరూ శారద గారంటారు. మనమూ కాసేపు అలాగే అందాం.

ఇషిత తన కాలేజీ రేడియోలో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గంటసేపు షో చేస్తుంది. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన హిప్‌హాప్ ఆల్బమ్‌లు వెతికి తెచ్చి వినిపించడం దాని పని. శారద గారు చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు యాభై ఏళ్ళుగా చెవిన పడుతున్నదే అయినా ఆ పాటల వేగం ఆవిడకి అందదు. కానీ ఒకసారి విన్నదాన్ని మరిచిపోయే మనిషి కాదు. వెనక చర్చి ఆర్గన్ మోగుతుంటే ముగ్గురు అన్నదమ్ములు ఒకరి నోట్లోంచి ఒకరు మాట అందుకునే ఆల్బమ్ ఒకటి. అరుపులూ కేకలూ లేకుండా, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఊళ్ళో సంగతులు చెబుతున్నట్టుండేది ఇంకొకటి. గీతలు పడిన రికార్డు చిటపటలనే తాళంలో కలిపేసింది ఇంకొకటి. "ఆ వాన పడుతున్నట్టుండేది పెట్టవే" అని ఆవిడే అడిగి పెట్టించుకునేది.

"ఇంత మంచివాటిని ఎవరూ వినకపోవడమేమిటే?"

"పెద్ద కంపెనీ లేదు నానమ్మా. రేడియోలో వెయ్యలేదు. కార్ ట్రంక్‌లో పెట్టుకుని అమ్మారు వాళ్ళు."

"మా ఊరికి ఇత్తడి గిన్నెలూ బండి మీదే వచ్చేవి. ఇప్పటికీ ఒక్కటి సొట్టపడలేదు."

కొడుకు శశికాంత్ అప్పుడప్పుడూ మెట్ల మీదనుంచి తొంగిచూసేవాడు. "ఇషీ, నానమ్మకి ఆ బూతులు వినిపించకు. అమ్మా, ఆ గోల ఎలా భరిస్తున్నావు?"

"బూతులు నాకు కొత్తా? మా అత్తగారి నోట విన్నన్ని ఈ రికార్డుల అట్టపెట్టెలో లేవురా."

ఆ శనివారం ఇషిత కొత్త రికార్డు పెట్టింది. వెర్నా అనే ఆవిడ పాడినది. షికాగో సౌత్ సైడ్ మనిషి, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. 1993లో ఒక్క ఆల్బమ్ చేసింది, మళ్ళీ చెయ్యలేదు. డ్రమ్ము నెమ్మదిగా నాలుగు దెబ్బలు పడుతుంటే, ఒక్కో దెబ్బకి దుప్పటి ఒక్కో మూల మడిచినట్టుగా ఉంది మాట. ఇషిత ఆపి ఆపి అర్థం చెప్పింది. "ఈ దుప్పటి మీద ఎవరు పుట్టారో రాసుకున్నారు, ఎవరు పోయారో రాసుకున్నారు, ఎవరు ఆపరేషన్ చేశారో రాసుకున్నారు. మడత పెట్టింది ఎవరో ఎవ్వరూ రాయలేదు అంటోంది, నానమ్మా."

ప్రతి చరణం చివరా ఆ గొంతు "వెర్నా" అని ఆగుతోంది.

"తన పేరు తానే అన్నిసార్లు చెప్పుకుంటుందేమే?"

"అది రూల్. పాటలో పేరు చెప్పాలి. లేకపోతే నీ పాట ఇంకోళ్ళది అయిపోతుంది."

శారద గారి చేతిలో చిక్కుడుకాయ సగం తుంచింది తుంచినట్టే ఉండిపోయింది.

డాక్టరైన తన భర్త తెల్లకోట్లు గుర్తొచ్చాయి ఆవిడకి. ఆయన పోయి నాలుగేళ్ళయినా ఆ కోట్ల గంజి వాసన పోలేదు. జేబు మీద నీలం దారంతో ఆయన పేరు కుట్టి ఉండేది. దారం కందిపోకుండా ఆ అక్షరాల చుట్టూ ఇస్త్రీపెట్టె తిప్పింది ముప్ఫై ఏళ్ళు. ఆ పేరు నోటితో అనకూడదు, చేత్తో చదును చేయవచ్చు. మంచివాడే ఆయన, చెయ్యెత్తినవాడు కాదు. పిలుపు మాత్రం "ఏమోయ్", "ఇదిగో", జనం ముందైతే "మావాళ్ళు". "మావాళ్ళు అరగంటలో పదిమందికి వండేస్తారు" అని స్నేహితులని లాక్కొచ్చేవారు. ఆ అరగంటకి ముందు కడుపులో పిల్లాడితో ఆవిడ ఎంతసేపు నిలబడిందో ఎవరికీ తెలియదు. ఆయన నోట ఆమె పేరు వచ్చింది ఒక్కసారి. పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన రోజు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, పేర్లు చెబితే గానీ లోపలికి రానివ్వమన్నారు. ఆమె సిగ్గుతో చచ్చి ఆయన పేరు చెప్పింది. ఆయన నవ్వుతూ "నేనూ, వసుమతీ వచ్చాం" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు, ఎందుకంటే అత్తగారి పేరూ వసుమతే. అత్తగారు మాత్రం నవ్వలేదు. "రేపు దీన్ని తిట్టాల్సొస్తే నన్ను నేను తిట్టుకున్నట్టుంటుంది. ఇవాళ్టినుంచి నువ్వు శారదవే, అమ్మాయీ" అంది. కుడికాలు లోపల పెట్టేలోపు పేరు గడప బయట ఉండిపోయింది. పాస్‌పోర్టు శారద, గ్రీన్‌కార్డు శారద. యాభై ఆరేళ్ళు.

"నానమ్మా, నా షోకి ఒకటి చెయ్యి. మైక్‌లో నీ పేరు చెప్పి, వెర్నా వింటున్నాను అను. ఇప్పుడు రికార్డు చేసి రేపు పాటకి ముందు వేస్తా."

మైకు ముందుకు రాగానే ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. గుడిలో పూజారి గారు అడిగినప్పటి అలవాటు మరి. గడగడా అప్పజెప్పేసింది: "భారద్వాజస గోత్రం, శశికాంత్, రేణు, ఇషిత."

ఇషిత పడిపడి నవ్వింది. "నేను ఉన్నా, డాడ్ ఉన్నారు, మామ్ కూడా ఉంది. నువ్వెక్కడ నానమ్మా?"

ఆవిడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఎన్ని అర్చనలు, ఎన్ని కార్తీక మాసాలు! ఎదురుగా నిలబడి కూడా దేవుడికి తానెవరో చెప్పలేదన్నమాట.

"మీ నాన్న వింటాడే రేపు. భోజనానికి వచ్చినవాళ్ళూ వింటారు."

"నీకు వద్దంటే వద్దు."

శారద గారు ఈనెల కుప్పని పక్కకి జరిపింది. "ఆవిణ్ణి ఇంకోసారి పెట్టు" అంది. పాట అయ్యాక మైకు దగ్గరకి జరిగింది.

ఆదివారం భోజనానికి పన్నెండుమంది వచ్చారు. కోడలు రేణు వడ్డిస్తోంది, పెద్దావిడ పూరీలు వేయిస్తోంది. "శారద గారుండగా రెస్టారెంట్ ఎందుకండీ" అని ఎవరో, "నువ్వు లక్కీ రేణూ" అని మరెవరో. మూడయ్యేసరికి ఆవిడ స్టవ్ పక్కన ఫోన్‌లో ఇషిత షో పెట్టుకుంది. ఇషిత ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తర్వాత వచ్చింది ఆవిడ గొంతే. ఇంత గట్టిగా ఉంటుందని ఆవిడకే తెలియదు.

"నా పేరు వసుమతి. మా అత్తగారు కాదు, నేనే. చిక్కుడుకాయలు బాగుచేస్తూ వెర్నా పాట వింటున్నాను. మీరూ వినండి."

వెంటనే డ్రమ్ము, దుప్పటి మూల, మరో మూల.

మంచినీళ్ళ జగ్గు నింపుకోవడానికి వచ్చిన శశికాంత్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, వసుమతి మా నానమ్మ పేరు కదా? ఇషీ ఏదో పొరపాటు పడిందా?"

"అది పడలేదురా. నా పేరు అదే. మీ నాన్న ఒక్కసారి పలికారు, గుమ్మంలో."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదు నాన్నా. ఇషిత అడిగింది." ఆ మాటలో నిష్ఠూరం లేదు. కొడుకు చెంప మీద పిండి చెయ్యి ఆనించింది. ఎక్కడో లాండ్రీలో నిలబడి, ఎవరూ వినకపోయినా తన పేరు తాను చెప్పుకుపోయిన ఆ మనిషి మీద ఆవిడ మనసు నిలిచిపోయింది. ఎక్కడున్నావో, అసలు ఉన్నావో లేవో, నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. ముప్ఫై ఏళ్ళు ఆలస్యమైతేనేం, నీ పాట అందింది.

హాల్లోంచి కేక వినిపించింది. "శారద గారూ! ఇంకో నాలుగు వేడివేడి పూరీలు!"

శశికాంత్ తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడ స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, ఫోను తీసుకుని బేస్‌మెంట్ మెట్ల వైపు నడిచింది. మొదటి మెట్టు మీద ఆగి, హాలంతా వినబడేలా జవాబు చెప్పింది.

"శారద గారు లేరండీ. పిండి కలిపి ఉంది, వత్తుకోండి."